ఏడువారాల ఉపవాసాలు

పార్వతమ్మను అన్నిటికన్నా ముందు వదిలిపోయింది సోమవారం ఆకలి.

అది పందొమ్మిదివందల ఎనభై తొమ్మిది, శ్రావణమాసం. పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం దీపం పెట్టి, ఇంట్లో అందరికీ వడ్డించి, చివరికి తను పీట వాల్చుకుని కూర్చుంది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయింది. మూడో ముద్ద కలిపి, చేతిలో పెట్టుకుని, చాలాసేపు దాని వంక చూసింది. కిటికీ అవతల వాన వెలిసింది. రైల్వే కాలనీ వెనక, వేగన్లు బాగుచేసే షాపు వైపు, షంటింగు ఇంజను ఒకటి ఖాళీ పెట్టెల్ని మెల్లగా నెట్టుకుపోతోంది. ఎవరో వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, 'ఇంక చాల్లే, లే' అన్నట్టు అనిపించింది ఆమెకు. ముద్దను కంచం అంచున పెట్టి లేచి చెయ్యి కడుక్కుంది.

అలా లేవడం ఆమెకు కొత్త. అర్ధాకలితో లేచిన రోజులు చాలా ఉన్నాయి గాని, తినవలసింది ఎదురుగా ఉండగా, ఇంక అక్కర్లేదని లేచిన రోజు లేదు.

పార్వతీపురం దగ్గర ఆమె పుట్టిన ఊళ్ళో తొమ్మిదిమంది పిల్లలు ఒక అంబలి కుండ చుట్టూ పెరిగారు. పెళ్ళయి భర్త రామమూర్తి వెంట విజయనగరం లైను మీద రాయపూర్ వచ్చాక బియ్యానికి లోటు రాలేదు. రామమూర్తి వేగన్ల షాపులో ఫిట్టరు. కొడుకు సూరిబాబుకు టాటీబంధ్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా పని. ఒకరిది పొద్దుటి షిఫ్టు, ఒకరిది లారీలు ఎప్పుడు వస్తే అప్పటి షిఫ్టు. వాళ్ళిద్దరూ తినేదాకా ఇంటి ఇల్లాలు తినకూడదు. వేడి అన్నం ఆవిరి మొహానికి కొడుతుండగా, పోపు వాసన ముక్కులోకి ఎక్కుతుండగా, కడుపు పట్టుకుని ఇంకొకరి కంచంలోకి వడ్డించడంలో ఆమె ముప్పై ఏళ్ళలో ఆరితేరింది. అందరూ లేచాక గిన్నెల అడుగున మిగిలినవి ఊడ్చుకుని, వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఒక్కతే తినేది. ఆమె తింటుండగా చూసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అందుకని తినడం మానేస్తున్నా ఎవరికీ తెలియలేదు.

ఆమెకు మాత్రం తెలుసు. ముప్పై ఏళ్ళు గొంతు మీద కూర్చున్న మనిషి ఒకరు తనంతట తనే లేచి బయటికి నడిచినట్టుంది. దేవుడి దయ కాకపోతే ఇంకేమిటి?

సోమవారం తర్వాత శనివారం పోయింది. అది వెంకటేశ్వరుడిది, ఎప్పటినుంచో ఒంటిపూట ఉన్నదే. ఇప్పుడు ఆ ఒంటిపూటా అక్కర్లేకపోయింది. మంగళవారం ఆంజనేయుడికి ఇచ్చింది. గురువారం బాబాకి. శుక్రవారం సంతోషీమాతకి. ఆ వ్రతం ఇటువైపు వచ్చాక నేర్చుకున్నది, పులుపు ముట్టకూడదు. చింతపండు లేకుండా ఒక్కరోజు గడపడం తెలుగువాళ్ళకు ఎంత కష్టమో ఉత్తరాది దేవత గ్రహించలేదని రామమూర్తి అనేవాడు. పార్వతమ్మకు ఇప్పుడు పులుపూ ఒకటే, చప్పనా ఒకటే. ఆదివారం సూర్యనారాయణమూర్తికి. బుధవారానికి మాత్రం కొన్నాళ్ళు దేవుడు దొరకలేదు. పక్క క్వార్టరు రమణమ్మే ఆలోచించి వినాయకుణ్ణి చెప్పింది.

రమణమ్మది బొబ్బిలి వైపు. ఆమె భర్త అమ్మిరాజు, రామమూర్తి ఒకే షాపులో పనిచేస్తారు. రెండు పెరళ్ళకీ మధ్య మొలెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడకపోతే రమణమ్మకు పొద్దు గడవదు.

"ఏడువారాల నగలని ఇన్నాం గాని, ఏడువారాల ఉపాసాలు మా వొదినకే సెల్లింది" అని ఆమె గుఢియారీ బజారు దాకా చాటింది.

భాద్రపదంలో తీజా వచ్చింది. ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టరు. పాలు పోసే బిసాహిన్ మర్నాడు పొద్దున్నే వచ్చి, చెంబు కింద పెట్టి, వంగి పార్వతమ్మ పాదాలు ముట్టుకుంది.

"హమర్ తీజా బఛర్ మ ఏక్ దిన్, అమ్మా కే రోజ్ తీజా" అంది. మాకు ఏడాదికి ఒక్క తీజాకే ప్రాణం పోతుంటే అమ్మకు రోజూ తీజాయే అని.

ఆ తర్వాత సోమవారం సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. బొట్టు పెట్టించుకుని, పాదాలకు దండం పెట్టి పోయేవారు. పిల్లలకు జ్వరమైనా, మగవాళ్ళకు బదిలీ భయమైనా పార్వతమ్మతో చెప్పుకునేవారు.

"మీ అత్త మనింట్లో దేవుళ్ళకి డ్యూటీ చార్టు ఏసీసింది" అని రామమూర్తి కోడలితో నవ్వుతూ అన్నాడు. "వారమంతా డ్యూటీయే. ఒక్కడికీ రెస్టు లేదు."

కోడలు ఊర్మిళ నవ్వలేదు. ఆ అమ్మాయిది బిలాస్‌పూర్. రైల్వేవాళ్ళ పిల్లే, బీయస్సీ చదివింది. కాపురానికి వచ్చి ఏడాది అయింది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

*

మధ్యాహ్నాలు పార్వతమ్మవి అయ్యాయి.

ఇదివరకు ఆ వేళ ఆమె తినేది, గిన్నెలు తోమేది, సాయంత్రానికి బియ్యం ఏరేది. ఇప్పుడు గ్లాసుడు పాలలో సగం తాగి, వసారాలో గచ్చు మీద కొంగు పరుచుకుని పడుకునేది. గచ్చు చల్లదనం వీపులోంచి ఎముకల్లోకి ఎక్కేది. ఎండ తడిక సందుల్లోంచి జారి, గోడ మీద గళ్ళు గళ్ళుగా కదిలేది. దూరంగా గూడ్సుబండి వెళ్తుంటే ఒక్కో పెట్టె ఒక్కో మాటలా వినిపించి, ఆ మాటలన్నీ కలిసి ఏదో సుదీర్ఘమైన, అర్థంకాని ఆశీర్వచనంలా సాగేవి. ఒళ్ళు దూదిలా ఉండేది. లేచి నిలబడితే నేల రెండంగుళాలు కిందికి జరిగినట్టుండేది.

ఆ మగతలో ఆమె తరచు మహాదేవ ఘాట్‌కు పోయేది. ఖారూన్ నది నిండుగా ఉండేది గాని నీళ్ళు చప్పుడు చేసేవి కావు. మెట్లు దిగి, నీటి మీద అడుగు పెడితే మునగదు. చీర అంచు కూడా తడవదు. అవతలి గట్టున పెద్ద పెద్ద రాగి పళ్ళాలు బోర్లించి ఉండేవి, వంటలు ముగిసిన పెళ్ళింట్లోలాగ. ఎవరూ ఆమెను 'తిన్నావా' అని అడగరు. 'వడ్డించు' అనీ అడగరు. నది మధ్యన నిలబడి ఆమె రెండు గట్లనూ చూసేది. అంత తీరిక ఆమెకు ఎప్పుడూ లేదు.

మెలకువ వచ్చాక పొట్ట పైభాగాన బరువుగా ఉండేది. అరచెయ్యి వేసి చూస్తే ఏదో చిన్నది, గట్టిగా, పిడికిట్లో అణిగే ఉండలాగ. అప్పుడప్పుడు నల్లగా విరేచనం అయ్యేది. వానాకాలం, ఎవరో ఇచ్చిన నేరేడుపళ్ళు రెండు తిన్నాను కదా అనుకుంది. నేరేడుపళ్ళ రోజులు వెళ్ళిపోయాక ఇంకేమీ అనుకోలేదు.

ఆశ్వయుజంలో ఒకనాడు ఊర్మిళ ఆమె జాకెట్లు నాలుగూ తెచ్చి మంచం మీద పరిచింది.

"అత్తయ్యా, ఇవి నేను రెండుసార్లు కుట్టు లోపలికి వేశాను. ఇంక వెయ్యడానికి గుడ్డ లేదు."

"ఉపాసాలు కదమ్మా. ఒళ్ళు తగ్గుతాది."

"ఉపవాసాలు నా పెళ్ళికి ముందునుంచీ ఉంటున్నారు. అప్పటి జాకెట్లే ఇవి."

పార్వతమ్మ మాట మార్చింది. కాని రెండు రోజుల తర్వాత, పెరటి గోడ పక్కన వంగి ఆమె వాంతి చేసుకుంటుంటే ఊర్మిళ వెనకనే చెంబుతో నిలబడి ఉంది. నీళ్ళు పోయకుండా వంగి నేల వంక చూసింది.

"దొండకాయ ముక్కలు" అంది మెల్లగా.

"ఆఁ, తిన్నాను కదేటి. నువ్వే పెట్టేవు."

"నేను పెట్టింది నిన్న పొద్దున్న, అత్తయ్యా. ఇవి ఇంకా ముక్కల్లాగే ఉన్నాయి." ఊర్మిళ ఆమె మోచెయ్యి పట్టుకుంది. గాజులు మోచేతి దాకా జారాయి. "నిన్నటినుంచి లోపలే కూర్చుంటే ఆకలెలా వేస్తుంది? ఇంకోటి అడుగుతాను, సిగ్గుపడకుండా చెప్పండి. నల్లగా పోతోందా? తారులాగ?"

పార్వతమ్మ చెంబు అందుకుని నోరు పుక్కిలించింది. ఆ సాయంత్రం ఊర్మిళ మామగారితో చాలాసేపు మాట్లాడింది.

*

పెద్దాసుపత్రి డాక్టరు కుర్రవాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ హిందీలో మాట్లాడాడు. పొట్ట నొక్కి, కళ్ళు చూసి, నాలుక చూసి, "మాతాజీ ఎంత తింటారు?" అని రామమూర్తిని అడిగాడు.

రామమూర్తి నోరు తెరిచాడు. ఏ వేగనుకు ఏ బోల్టు అరిగిందో చప్పుడు విని చెప్పే మనిషి, కోడలి వంక చూశాడు.

"దూర్బీన్ పెట్టి చూడాలి" అన్నాడు డాక్టరు. కొసన దీపం ఉన్న సన్నటి గొట్టం నోట్లోంచి కడుపులోకి దింపుతారని, పై కొసన కన్ను ఆనించి చూస్తే లోపలంతా కనబడుతుందని చెప్పాడు.

ఆ గదిలో తెరలు దించి ఉన్నాయి. గొంతులో చల్లగా ఏదో మందు కొట్టారు. గొంతు ఆమెది కాకుండా పోయింది. పక్కకు తిప్పి పడుకోబెట్టారు. గొట్టం దిగుతున్నంతసేపూ కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి గాని, కొంతసేపటికి ఆమెకు భయం పోయింది. తన లోపలికి ఒక దీపం వెళ్తోంది. ఏడు వారాల దేవుళ్ళూ అక్కడ పీటలు వేసుకుని కూర్చుని ఉంటారు. ఆ వెలుగు చూసి అటు తిరుగుతారు. గర్భగుడిలో హారతి ఇచ్చినప్పుడు కనబడే నల్లటి మొహాల్లాగ మెరుస్తారు. డాక్టరు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆయనకూ కనబడుతున్నట్టే ఉంది.

గొట్టం తీశాక, గొంతు కాస్త తిరిగి వచ్చాక, ఆమె తనకొచ్చిన హిందీలో అడిగింది.

"లోపల వెలుగేదైనా కనబడ్డాదా బాబూ?"

డాక్టరు చేతులు కడుక్కుంటున్నవాడు ఆగాడు. "ఆ వెలుగు మా దీపానిదే, మాతాజీ" అన్నాడు, చాలా మర్యాదగా.

చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపారు. వారం తర్వాత జవాబు వచ్చింది. దాన్ని తీసుకోవడానికి రామమూర్తి ఊర్మిళను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఇంటికి వచ్చాక పెరట్లో నిలబడి కోడలితో గొంతు తగ్గించి అన్నాడు.

"అల్సరని సెప్పీ. మీ అత్తకి ఆ పేరు సెప్పకు. పేరు ఇంటేనే పోతారు మనుషులు."

"పేరు చెప్పకపోతే ఆపరేషనుకి ఎలా ఒప్పుకుంటారు మావయ్యా? అల్సరైతే ఇంకో గ్లాసుడు పాలు తాగుతానంటారు."

"సూరిగాడిని అడుగుదాం."

"ఆయన్ని అడిగితే మిమ్మల్ని అడగమంటారు."

తలుపు వెనకనుంచి పార్వతమ్మ అంతా వింది. ఆమెకు నవ్వు వచ్చింది. ఈ ఇంట్లో ఎప్పుడూ ఇంతే.

మర్నాడు మధ్యాహ్నం ఊర్మిళ వసారాలో ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య గచ్చు మీద ఎండ గళ్ళు కదులుతున్నాయి. ఊర్మిళ తన చీర కుచ్చిళ్ళు చేతిలోకి తీసుకుంది.

"కడుపు లోపల గోడ ఇలా ఉంటుంది అత్తయ్యా, మడతలు మడతలుగా. ఖాళీగా ఉన్నప్పుడు మడతలన్నీ దగ్గరగా ఉంటాయి. అన్నం పడితే ఇలా విచ్చుకుంటాయి. ఎంత తింటే అంత జాగా చేస్తాయి." కుచ్చిళ్ళను వేళ్ళతో విప్పి చూపించి, మళ్ళీ దగ్గరకు లాగి, అడుగున గట్టిగా పట్టుకుంది. "మీకు కిందిభాగంలో, అన్నం పేగులోకి దిగే చోట, ఒక గడ్డ పుట్టింది. అది గోడలోకి పాకి, ఈ మడతల్ని ఎవరో సూదీ దారం పెట్టి కుట్టేసినట్టు చేసింది. విచ్చుకోవు. దారి కూడా ఇరుకైపోయింది. అందుకే రెండు ముద్దలకే నిండిపోతోంది. పుండులోంచి నెత్తురు కారి నల్లగా పోతోంది. అందుకే ఈ నీరసం, ఈ మగత."

"దాని పేరు?"

"కేన్సర్."

పార్వతమ్మ పొట్ట మీద, ఆ ఉండ ఉన్న చోట అరచెయ్యి వేసుకుంది.

"ఉపాసాల వల్ల వచ్చిందా?"

"కాదు. ఉపవాసాల వల్ల రాదు. ఉపవాసాల వెనక దాక్కుంది, అంతే. ఎందుకు వచ్చిందంటే, ఇదీ అని డాక్టరు కూడా చెప్పలేదు. ఒకరి కంచం నుంచి ఇంకొకరికి అంటుకునేదీ కాదు." ఊర్మిళ కుచ్చిళ్ళు వదిలేసింది. "ఇప్పటికైతే చుట్టుపక్కలకి పాకినట్టు లేదన్నారు. ఈ నెలలో కడుపు కిందిభాగం కోసేసి, మిగిలినదాన్ని పేగుకి కలిపి కుడితే బతకడానికి ఆశ ఉందన్నారు. తప్పకుండా అనలేదు, ఆశ అన్నారు. ఆలస్యం చేస్తే అదీ ఉండదు."

"కత్తి తగిలితే తొందరగా పాకుతాదంటారు కదా."

"కత్తి వల్ల పాకదు. అందరూ ఆ భయంతో చివరిదాకా ఆగి, అప్పటికే పాకిపోయాక వస్తారు. చెడ్డపేరు కత్తికి వస్తుంది."

"కోసీసేక ఏటవుతాది నాకు?"

"కొంచెం కొంచెంగా, రోజుకి అయిదారుసార్లు తినాలి. తింటే ఒంట పడుతుంది." ఊర్మిళ ఆమెను సంతోషపెట్టాలని, ఇంకో మాట కూడా చెప్పింది. "మళ్ళీ ఆకలి వేస్తుంది అత్తయ్యా."

పార్వతమ్మ లేచి కూర్చుంది.

"అదే నాకొద్దు" అంది.

*

ఎవరు చెప్పినా వినలేదు. రామమూర్తి బతిమాలాడు, కోపగించాడు, చివరికి షాపుకు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. సూరిబాబు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆమె కొడుకు తల నిమురుతూ ఎక్కడో చూసేది. డాక్టరు ఇచ్చిన నెల గడువు సగం అయిపోయింది, కార్తీకమూ సగానికి వచ్చేసింది.

వాళ్ళకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఆకలి అంటే వాళ్ళకు భోజనానికి ముందుండే అరగంట. ఆమెకు అది ఒక యజమాని. పొద్దున లేస్తూనే పనిలోకి తోలేది, పడుకోబోయేముందు లెక్క అడిగేది. ఆ యజమాని పోయాక ఇన్నాళ్ళకు ఆమె ఒక మనిషి అయింది. ఆడవాళ్ళు వచ్చి పాదాలు ముట్టుకునేంత మనిషి. ఆ యజమానిని మళ్ళీ లోపలికి పిలవడానికి పొట్ట కోయించుకోవాలా? తను పోతే పోతుంది. నది మీద నడుస్తూ పోతుంది. అంత తేలికగా ఎంతమంది పోతారు?

కార్తీక సోమవారం, మధ్యాహ్నం. రామమూర్తి షాపు దాకా వెళ్ళాడు. ఊర్మిళ లోపల బట్టలు మడత పెడుతోంది. పార్వతమ్మ వసారాలో పడుకుని, నీటి మెట్లు ఒక్కొక్కటే దిగుతోంది. అప్పుడు పెరటి తలుపు దగ్గర ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించి నది వెనక్కి పోయింది.

రమణమ్మ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వచ్చి దూరంగా, గడప అవతలే కూర్చుంది.

"లోపలికి రాయే."

"రాను వొదినా. నాను పాపం సేసీసేను. నీ దగ్గిర కూకునే మొహం నాకు లేదు."

"ఏటి సేసేవు?"

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా గుంటడికి షాపులో అప్రెంటీసు రావాలని, నీలాగే కార్తీక సోమారాలు పచ్చి మంచినీళ్ళతో ఉంటానని మొక్కేను. మొదటి వారం ఎలగో గట్టెక్కేను. రెండో వారం సుక్క కనబడకముందే కళ్ళు తిరిగీసేయి, గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇయ్యాల..." అని ఆగింది.

"ఇయ్యాల?"

"ఇయ్యాల తినీసేను."

పార్వతమ్మ చూపు రమణమ్మకు తిట్టులా తగిలి, మాటలు వాటంతట అవే దొర్లాయి.

"పొద్దున్నించీ కడుపులో ఎలకలు పరుగెడతన్నాయి వొదినా. దీపం ముందర కూకుంటే దీపం కనపడదు. మీ ఇంట్లో పోపేస్తే ఆ ఆవాలు నా నెత్తి మీదే సిటపటలాడినట్టుంది. భగవంతుడా భగవంతుడా అనుకుంటాను, నోట్లో నీళ్ళూరతాయి. ఆయన క్యారియరు కట్టీసేక గిన్నెలో రాత్రి అన్నం ఉండిపోయింది, సల్లగా. దాన్ని ఆవుకి పెట్టీద్దామని తీసేను. తీసి, అందులో గోంగూర పచ్చడి ఏసీసేను. ఎందుకేసేనంటావు? ఆవు గోంగూర పచ్చడి తింటాదేటి? పదకొండింటికి తలుపు గెడెట్టి, నిలబడే, నిలబడే తినీసేను. ఆ మొదటి ముద్ద దిగుతాంటే, నిజం సెప్తన్నాను వొదినా, నా పాపం నానే సెప్పుకోవాల, నాకు దేముడు కనపడ్డాడు."

లోపల బట్టలు మడత పెడుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నువ్వు ఏడు రోజులూ ఎలాగుంటన్నావు వొదినా? నా వల్ల ఒక్క పూట అవలేదు. ఆకలి రుసెరగదంటారు, నా ఆకలి మొక్కు కూడా ఎరగలేదు. ఆ మంత్రమేదో నాకూ సెప్పు."

పార్వతమ్మ ఆమె మొహం వంక చూస్తోంది. ఏడ్చి ఉబ్బిన మొహం, పెదవి మూల ఇంకా ఎర్రగా కొద్దిగా పచ్చడి. ఆ మొహంలో ఏదో వేడిగా, బతికి ఉన్నదేదో కదులుతోంది. తను ఆ మొహంతో చివరిసారి ఎప్పుడుంది? అంబలి కుండ చుట్టూ మోచేతులతో పొడుచుకునే రోజుల్లోనా? పెళ్ళయిన కొత్తలో, వంటిల్లంతా ఉడికే అన్నం వాసన నిండి కళ్ళు తిరిగే వేళలోనా? ఆ ఆవాల చప్పుడు తనూ ఇవాళ పొద్దున వింది. పోపు వేసింది తనే. ఏమీ అనిపించలేదు. గోడకు వినిపించినట్టు వినిపించింది.

"రమణా, ఆకలంటే మరోసారి సెప్పు" అంది.

"ఎకసెక్కమా వొదినా?"

"కాదే. నాకు గురుతు లేదు. నిజంగా గురుతు లేదు."

రమణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నీకు ఆకలేసింది. పొద్దున్నించీ దాన్ని పట్టుకుని నిలబడ్డావు. పదకొండింటికి సెయ్యి జారింది. నువ్వున్నదీ ఉపాసం." పార్వతమ్మ గొంతు మామూలుగానే ఉంది. "నాను దేన్ని పట్టుకున్నాను? నాకు ఆకలే లేదు. లేనిదాన్ని దేవుడికి ఇచ్చీసేనని ఊరంతా సెప్పుకున్నాం. సెల్లని నోటు హుండీలో ఏసినట్టు."

"అలాగనీకు, అపచారం."

"నాకు కడుపులో కేన్సరు, రమణా. మా కోడలు సెప్పింది. తింటే విచ్చుకోవలసిన మడతలు కుట్టీసినట్టు అయిపోయాయట. అందుకే నిండిపోతాది. దేవుడూ కాదు, మంత్రమూ కాదు."

రమణమ్మ గడప మీద ఆనించిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అది భయమని ఇద్దరికీ తెలిసింది. కొంచెంసేపు ఆ చెయ్యి ఒళ్ళోనే ఉంది. తర్వాత ఆమె గడప దాటి లోపలికి జరిగి, పార్వతమ్మ మణికట్టు పట్టుకుంది. ఎముక చుట్టూ వేళ్ళు పూర్తిగా తిరిగి వచ్చాయి.

"మరి ఆస్పత్రోళ్ళు ఏటన్నారు?"

"కోస్తే ఆశ ఉందన్నారు. మళ్ళీ ఆకలేస్తాదన్నారు."

"మరింకేటి?" అంది రమణమ్మ, అందులో ఆలోచించడానికి ఏముందో తెలియక.

పార్వతమ్మ లేచింది. నేల కిందికి జరిగితే గోడ పట్టుకుని, అది మళ్ళీ పైకి వచ్చేదాకా ఆగి, వంటింట్లోకి నడిచింది. అన్నం ఇంకా వేడిగానే ఉంది. కంచంలో పెట్టి, పప్పు వేసి, నెయ్యి వేసి, పీట వాల్చింది.

"రా, కూకో. నా ఎదర తిను."

"ఇయ్యాల సోమారం వొదినా."

"నీ సోమారం పదకొండింటికే అయిపోయింది కదే. ఇదేటైనా దోషమైతే నా కాతాలో ఎయ్యమను. కూకో."

రమణమ్మ మొహమాటంగా కూర్చుంది. మొదటి ముద్ద చిన్నగా, మర్యాదగా తిన్నది. రెండోది కాస్త పెద్దది. నాలుగో ముద్దకు పార్వతమ్మ అక్కడ ఉన్నదని మరిచిపోయింది. వేళ్ళు అన్నాన్ని కలుపుతున్నాయి, బొటనవేలు ముద్దను తోస్తోంది, గొంతు దిగి లేస్తోంది. కణతల మీద సన్నగా చెమట పట్టింది. కిటికీలోంచి పడిన ఎండలో అన్నం ఆవిరి తెల్లగా, తాపీగా లేస్తోంది. ఆ ఆవిరి వెనక రమణమ్మ మొహం ఒక్కోసారి తన అక్క మొహంలా, ఒక్కోసారి తల్లి మొహంలా, ఇంకోసారి ఎప్పటిదో తన మొహంలాగే కనబడింది పార్వతమ్మకు. నది మీద నడిచేటప్పుడు ఇలాంటి మొహం ఒక్కటీ కనబడలేదు. ఆ గట్టూ ఖాళీయే, ఈ గట్టూ ఖాళీయే.

నోట్లో నీళ్ళూరలేదు. కడుపులో ఏదీ కదల్లేదు. కాని ఎదురుగా జరుగుతున్నది తనకు కావాలని ఆమెకు తెలిసింది. బతికుంటే, ఆ ఆకలి మళ్ళీ వస్తే, ఎంత కాల్చినా సరే.

గుమ్మంలో ఊర్మిళ మడత పెట్టిన చీర చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో.

"అమ్మా ఊర్మిళా," అంది పార్వతమ్మ, కంచం మీదనుంచి చూపు తిప్పకుండా, "మీ మావయ్య షాపు దగ్గర ఉంటారు. ఆ కళ్ళజోడు డాక్టరు ఎప్పుడు కోస్తాడో తిన్నగా ఆస్పత్రికి పోయి అడిగి రమ్మను. ఇంటికొచ్చి ఎల్లొద్దని సెప్పు. వస్తే కూకుని ఏడుస్తారు, పొద్దు పోతాది."

ఊర్మిళ చీరను అక్కడే బియ్యం డబ్బా మీద పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. నాలుగడుగుల తర్వాత పరుగెత్తిన చప్పుడు వినబడింది.

రమణమ్మ కంచంలో అన్నం అయిపోయింది. ఆమె వేళ్ళతో కంచం అంచులు ఊడుస్తూ, ఇంకా కావాలని అడగడానికి సిగ్గుపడుతోంది.

"ఇంకొంచెం ఎయ్యనా?" అంది పార్వతమ్మ.

నోరు నిండుగా ఉన్న రమణమ్మ తల ఊపింది. పార్వతమ్మ గరిట తీసుకుంది.